రాయికి అన్నీ వినబడతాయి

సుమేధ కాళ్లు మోకాళ్ల దాకా నేలలో కలిసిపోయి ఉన్నాయి, విల్లు ఎక్కుపెట్టిన చేతులు ఎక్కుపెట్టినట్టే నిలిచిపోయాయి, తను నిలబడ్డది గుహలోనని తెలుస్తూనే ఉంది కానీ గోడకు కాజీపేట స్టేషన్లో ఉండేలాంటి పెద్ద గడియారం వేలాడుతోంది, కింద అన్వేష్ వాళ్ల మేడమీది గదిలోని ఎర్ర గచ్చు, ఆ గచ్చు మీద ఎక్కడిదో ఏరు చప్పుడు లేకుండా పారుతోంది. ఆ ఏటిని దాటుకుంటూ, తడవకుండా ప్యాంటు పైకి మడుచుకుని, అన్వేష్ వస్తున్నాడు. అతను పోయి ఐదు నెలలైంది. పోయినవాడు రావడం ఆమెకు వింతగా తోచడం లేదు. నడిచి రావడమే వింతగా ఉంది.

"పడ్తవ్‌రా, మెల్లగ," అంటుంది. పెదవులు కదలవు, మాట మాత్రం బయటికి వస్తుంది.

"రాయి మాట్లాడొద్దు," అంటాడు అన్వేష్, నవ్వుతూ.

"ఇంకా గదే మాటనా?"

ఆ మాట అతను బతికుండగా అన్నదే. ఇంజనీరింగు చదివే రోజుల నుంచి సుమేధ, అన్వేష్, రిజ్వాన్, దివాకర్ నలుగురూ ఆదివారం మధ్యాహ్నాలు హనుమకొండలోని అన్వేష్ ఇంట్లో ఒక ఆట ఆడేవారు. కాగితాలు, పాచికలు, నోటితో నడిచే కథ, అంతే ఆ ఆట. కథ నడిపేది అన్వేష్. మిగిలిన ముగ్గురూ ఆ కథలో మనుషులై తిరిగేవారు. సుమేధ మేఘిని అనే విలుకత్తె. ఉద్యోగాలు వచ్చాక కూడా ఆట సాగింది. తర్వాత అన్వేష్ కండరాలు ఒక్కొక్కటే పనిచేయడం మానేశాయి. ముందు వేళ్లు పోయాయి, ఆ తర్వాత కాళ్లు, ఇంట్లోకి చక్రాల కుర్చీ వచ్చింది. అప్పుడూ ఆట ఆగలేదు, కథ చెప్పడానికి నోరుంటే చాలు కదా. నిరుడు ఎండాకాలం ఒక ఆదివారం, ఆ కథలో చూపు తగిలినవాళ్లను రాయిని చేసే, కోడితల ఉన్న పాము ఒకటి గుహలోంచి మెడ చాచి మేఘిని కళ్లలోకి చూసింది. తప్పించుకోవడానికి సుమేధ మూడు పాచికలు వేసింది. పన్నెండు పడింది. "పద్నాలుగు కావాలె," అన్నాడు అన్వేష్. మేఘిని రాయైపోయింది.

"నీకు అన్ని వినవడ్తయి, అన్ని కనవడ్తయి. మాట్లాడొద్దు, కదలొద్దు," అన్నాడు.

మూడు ఆదివారాలు ఆమె నోరు మూసుకుని కూర్చుంది. రిజ్వాన్, దివాకర్ కథలో ఆ రాతిబొమ్మ మీద పసర్లు పోశారు, మంత్రాలు చదివారు, సుత్తితో తట్టి చూశారు. ఏదీ పనిచేయక చివరికి దాని మీద తడిబట్టలు ఆరేసి, మోసుకుపోదామా వదిలేసిపోదామా అని దాని ముందే వాదించుకున్నారు. మూడో ఆదివారం సుమేధ మేఘిని వివరాలు రాసుకున్న తన కాగితం చించేసి మెట్లు దిగింది. మళ్లీ ఎక్కలేదు.

ఇప్పుడు అన్వేష్ ఆమె ఎదురుగా ఏట్లోనే చతికిలబడతాడు, నీళ్లు అతని నడుము చుట్టూ తిరిగి పోతుంటాయి, గడియారం ముల్లు వెనక్కి ఒక అడుగు వేసి ఆగుతుంది.

"పద్నాలుగు గాదు, పదే చాలు," అంటాడు. "నేను అబద్ధం చెప్పిన."

"ఎందుకురా?"

"ఆ రోజు తినేటప్పుడు అమ్మను అడిగినవ్. 'ఆంటీ, వీనికి ఇంకో చపాతి పెట్టాల్నా' అని. నేను నీ పక్కనే ఉన్న. నోరున్నది నాకు."

సుమేధకు ఆ మధ్యాహ్నం కళ్ల ముందుకు వస్తుంది, గుహగోడ పలచబడి అవతల ఆ గది, ఆ కంచాలు, అన్వేష్ తల మీదుగా వంటింటి వైపు చూస్తున్న తన ముఖం తనకే కనబడుతుంది.

"అప్పుడే అనకపోయినవా?"

"అని అని యాష్టకొచ్చింది. నొప్పి యాడుందని డాక్టరు నాన్నను అడుగుతడు. మీసం ఉంచాల్నా తియ్యాల్నా అని మంగలాయన అమ్మను అడుగుతడు. నువ్వు గట్ల అడగవనుకున్న. అందుకే కోపమొచ్చింది. ఒక్కసారి నువ్వుగూడ ఇట్ల ఉండి చూడాలె అనిపించింది." కాసేపు నీళ్లలో వేళ్లు ఆడిస్తాడు, వేళ్లన్నీ చక్కగా కదులుతాయి. "తప్పే. మూడోవారం నీ మొఖం చూసి సిగ్గైంది. ఇగ ఇడిపిద్దామనేసరికి నువ్వు లేచిపోయినవ్."

"నేను గూడ అబద్ధమే చెప్పిన," అంటుంది సుమేధ. రాతి గొంతులో మాట గరుకుగా వస్తుంది. "ఆట మీద కోపంతోని పోలే నేను. నీ చేతుల నుంచి గిలాస జారుతుంటే చూడలేకపోయిన. పోనీకి కోపం ఒక సాకు దొరికింది. నువ్వు దవాఖానల ఉన్నవని రిజ్వాన్ మూడుసార్లు ఫోన్ చేసిండు. బండి తీసుకొని మీ ఇంటి దిక్కు అదాలత్ చౌరస్తా దాక వచ్చి మర్లిపోయిన. ఎట్ల మొఖం చూపియ్యాలో తెల్వలే."

అన్వేష్ క్షమించానని చెప్పడు, లేదనీ చెప్పడు. ఏటికి అడ్డంగా చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెడతాడు.

"మేఘినిని ఎట్ల ఇడిపిస్తుంటివి?" అని అడుగుతుంది సుమేధ.

"అలకటి పని, కష్టమేం గాదు. ఎవ్వరన్న దాని ముందట నిలవడి, దాన్నే ఒక మాట అడగాలె. అడిగి, జవాబు వచ్చేదాక ఉండాలె. ఆ ఇద్దరు పసర్లు పోసిండ్రు, సుత్తెలు తెచ్చిండ్రు, దాన్ని ఒక్క మాట అడగలే."

అతను చెబుతుండగానే ఎప్పుడు మారిందో తెలియదు, సుమేధ పాదాలకు నీళ్లు చల్లగా తగులుతున్నాయి, విల్లు చేతిలో లేదు, నీళ్లలో కూర్చున్న అన్వేష్ నడుము దాకా బూడిదరంగు రాయైపోయాడు, ఆ రాయి మెల్లగా భుజాలకు, మెడకు పాకుతోంది. ఆమె భయపడి చుట్టూ చూస్తుంది, పిలవడానికి వాళ్ల అమ్మ లేదు, రిజ్వాన్ లేడు, ఎవ్వరూ లేరు. ఆమె అతని ముందు గొంతుక్కూర్చుంటుంది.

"అన్వేష్, ఇంకో చపాతి తింటవా?"

జవాబు రాదు. ఆమె అక్కడే ఉంటుంది. ఏరు ఎండి, గచ్చు బయటపడి, మళ్లీ నీళ్లు వస్తాయి. కాళ్లు లాగుతాయి. లేచిపోదామని ఒకసారి అనిపిస్తుంది. లేవదు. చివరికి రాతి పెదవుల మూల సన్నగా చీలుతుంది.

"వద్దు," అంటాడు. "చపాతంటేనే నాకు పడదు, సుమేధా. మూడేండ్ల సంది గదే పెడ్తున్నరు. ఇంత పెరుగన్నం పెట్టుమను."

ఆమెకు నవ్వొస్తుంది, ఆ నవ్వు ఆగదు, ఆ నవ్వులోనే మెలకువ వచ్చేస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నర. తన ఫ్లాటులో, కిటికీ పక్క మంచం మీద ఉంది. చెంపలు తడిగా ఉన్నాయి. అతనికి చపాతీలు పడవన్నది నిజమో కాదో ఆమెకు తెలియదు; ఏనాడూ అడగలేదు. పైఫ్లాటులో వంటింటి గట్టుకు బండలు కోస్తున్నారు కాబోలు, గుయ్యిమంటున్న మిషన్ అప్పుడే ఆగింది. తీసి ఉంచిన కిటికీలోంచి దిగిన రాతిపొడి ఆమె మోచేతి దాకా సన్నగా, బూడిదరంగులో పరుచుకుని ఉంది. సుమేధ వేళ్లు ముడిచి, తెరిచింది. పొడి పగిలి, కింద చర్మం కనబడింది.