రజిత, పురుషుడు, పదిహేడేళ్ళు

నేను ఒక మదింపు ఫారాన్ని. తొమ్మిది పేజీలు, నూట పన్నెండు ప్రశ్నలు, ఎడమ మూలన ఒక పిన్ను. మత్తుకు అలవాటుపడిన పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏం తీసుకుంటున్నారో, ఎప్పటినుంచో, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, నిద్ర పడుతోందో లేదో అడిగి నా గళ్ళు నింపుతారు. అలా నిండిన ఫారాలన్నీ ఒకచోట చేర్చి, ఏ ఊళ్ళో ఎలాంటి వైద్యం పెట్టాలో పెద్దలు నిర్ణయిస్తారు. నేను పుట్టిందే అందుకని నా మొదటి పేజీలో అచ్చేశారు. నవ్వుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోవచ్చు.

నన్ను తయారుచేసినవాళ్ళ సంగతి చెబుతాను. ఏడుగురు సభ్యుల కమిటీ, మూడు రోజులు, ఏసీ హాలు. మూడో రోజు మధ్యాహ్నం దాకా నా పేరు మీదే చర్చ జరిగింది. ఆ తర్వాత రైళ్ళకు టైమవుతోందని, అంతకుముందు పెద్దవాళ్ళ తాగుడు మాన్పించడానికి వాడిన పాత ఫారం తెప్పించి, దాని మీది శీర్షిక మార్చి చేతులు దులుపుకున్నారు. అందుకే నా నలభై ఒకటో ప్రశ్న ‘భార్య మీద చేయి చేసుకుంటారా?’ అని ఉంటుంది. యాభై ఎనిమిదోది ‘పింఛను వస్తోందా?’ అని. పదహారేళ్ళ పిల్లల్ని అడగాల్సిన ప్రశ్నలివి! నలభై ఒకటో ప్రశ్న దగ్గర పిల్లలందరూ నవ్వుతారు. ఆ కమిటీవాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉందని నాకు ఆనాడే అర్థమైంది.

ప్రెస్సు నుంచి కట్టలు కట్టలుగా బయల్దేరి, నేను చేరింది బొగ్గుగనుల ఊళ్ళో ఉన్న ఒక యువజన మత్తు విముక్తి కేంద్రానికి. పది మంచాలు, ఒక పెద్ద హాలు, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరు, రోజూ వచ్చే కౌన్సిలర్ హేమలత. కంప్యూటరు దగ్గర సమ్మయ్య. పది మంచాలూ మగపిల్లలవి. ఆడపిల్లలకు ఇలాంటి అలవాట్లు ఉండవని ఆ ఏడుగురూ ముందే తేల్చేశారు. ఎవర్నడిగి తేల్చారంటే, ఎవర్నీ అడగలేదు.

నన్ను చేతిలోకి తీసుకున్ననాడు హేమలత ఎదుట ఓదెమ్మ కూర్చుంది. గనుల దగ్గర క్యాంటీన్‌లో వంటపని ఆమెది, తెల్లవారకముందే వెళ్ళి సాయంత్రానికి వస్తుంది. పక్కన పదిహేడేళ్ళ కూతురు రజిత, ఇంటర్ రెండో ఏడు మధ్యలో మానేసింది. పిల్ల మూతి చుట్టూ చర్మం పొక్కి ఉంది. చున్నీ కొసతో దాన్ని మాటిమాటికీ దాచుకుంటోంది.

“పంచరేసే జిగురుందిగద మేడం, అది గుడ్డల పోసి వాసన జూస్తది. మా ఇల్లే ఆ పంచర్ల గల్లీల ఉన్నది. నేను డ్యూటీ బోంగనే గల్లీలకు దిగుతది. ఇంట్ల ఉంచి కాయలేను. ఒక్క ఇరవై దినాలు మీ కాడ పెట్టుకోండ్రి” అంది ఓదెమ్మ.

ఆమె అడిగింది అంతే. పిల్ల ఆ గల్లీకి దూరంగా ఇరవై రోజులు ఉంటే చాలు, తర్వాత చెల్లెలి ఊరికి పంపి అక్కడ కాలేజీలో చేర్పిస్తానంది. ఈ తొమ్మిది పేజీల్లో ఏ మేధావీ రాయలేని చికిత్సా ప్రణాళిక అది. క్యాంటీన్‌లో అన్నం వార్చే మనిషి ఒక్క గుక్కలో చెప్పేసింది.

హేమలత అడిగినవాటికి రజిత ముందు తల ఊపింది, తర్వాత నెమ్మదిగా నోరు విప్పింది. ఏడాదిన్నరగా అలవాటట. మొదట్లో తలనొప్పి పోయేదట, ఇప్పుడు అది లేకపోతేనే తల పగిలిపోతోందట. ఒకసారి మెట్ల మీద పడి చేయి విరిగిందట. మానేద్దామని ఎన్నిసార్లు అనుకున్నావంటే, రోజూ పొద్దున అనుకుంటానంది. నాలో ఆ గడి ‘అవును, కాదు’ అని రెండు ముక్కలే. హేమలత ‘అవును’ దగ్గర టిక్కు పెట్టి, పక్కన ఖాళీలో ‘రోజూ పొద్దున’ అని సన్నగా రాసింది. ఆ రెండు మాటలూ తర్వాత ఎవరూ చదవలేదు.

ఫారం సమ్మయ్య దగ్గరికి వెళ్ళింది. లింగం అన్నచోట ‘స్త్రీ’ నొక్కగానే తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఈ కేంద్రంలో ఈ సేవ లేదు, నమోదు కుదరదు అని వాటి సారాంశం. నమోదు కాకపోతే మందుల చీటీ రాదు.

“మేడం, మళ్ళ ముంగటికి పోతలేదు. ఈసారి గూడ ఆడపిల్లంటె తీస్కుంటలేదు” అన్నాడు సమ్మయ్య.

హేమలత ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నాలో స్త్రీ అన్నచోట పెట్టిన టిక్కు కొట్టేసి పురుషుడు అన్నచోట పెట్టింది. “పురుషుడనే కొట్టు సమ్మయ్యా. ముందు పిల్లకు మందులు రానీ” అంది.

ఆమె మంచి మనిషే, కాదనను. కానీ ఈ ఆఫీసుల్లో మంచివాళ్ళు చేసే తప్పులు వేరుగా ఉంటాయి. నియమం వెర్రిదని తెలిసినా దాన్ని నిలదీయరు, సందు చూసుకుని పక్కనుంచి దూరిపోతారు. దూరినందుకు ఆ పూటకు సంతోషపడతారు. నాకంటే ముందు ఆరుగురు ఆడపిల్లలు ఆ సందులోంచే వెళ్ళారు. నా తర్వాత ఇంకో ఏడుగురు. ఏడాది తిరిగేసరికి పద్నాలుగు ఫారాలయ్యాయి.

మందులైతే వచ్చాయి, మంచం ఎక్కడిది? రజితను రోజూ పదకొండింటికి వచ్చి హాల్లో కూర్చోమన్నారు. ముందొచ్చిన ఆరుగురూ అప్పటికే రావడం మానేశారు, ముప్పై మంది మగపిల్లల మధ్య ఈమె ఒక్కతే ఆడపిల్ల. గంటసేపు ఉపదేశం, అరగంట ధ్యానం, మళ్ళీ అదే గల్లీలోని అదే ఇంటికి. మొదటిరోజు వెనక వరసలోంచి ఎవడో కూత పెట్టాడు. రెండోరోజు ఇద్దరు పెట్టారు. నాలుగోరోజు ఆమె వచ్చి గేటు దగ్గర నిలబడి వెనక్కి వెళ్ళిపోయింది. ఓదెమ్మ రెండుసార్లు వచ్చి హేమలతతో మొరపెట్టుకుంది. ఆడపిల్లలకు వేరే వార్డు అడుగుతున్నామని, ఏడాది చివరి సమావేశంలో తప్పకుండా వస్తుందని హేమలత మాటిచ్చింది. ఓదెమ్మ ఆ మాట నమ్మి, సెలవు దొరికినన్నాళ్ళు పిల్లకు కాపలా కాసింది.

ఈలోగా నేను మూడు ఆఫీసులు తిరిగాను. ఒకచోట నా మీద గుండ్రటి ముద్ర వేశారు, ఇంకోచోట పలకల ముద్ర. ‘సరిచూడబడినది’ అని ముగ్గురు అధికారులు మూడు రంగుల సిరాతో సంతకాలు చేశారు. రజిత, పురుషుడు, పదిహేడేళ్ళు. అలాంటి మగపిల్లవాడు ఎక్కడైనా ఉంటాడా అని ఏ ఒక్కడికీ అనుమానం రాలేదు. నా తర్వాతి కాగితం స్వరూపరాణి, పురుషుడు. దానికీ మూడు సంతకాలే. సరిచూడటమంటే ఖాళీ గడి లేకుండా చూడటమని అప్పుడే నాకు తెలిసింది.

సమావేశం రానే వచ్చింది. పొడవాటి బల్ల, ప్లేట్లలో జీడిపప్పు, గోడ మీద రంగురంగుల బొమ్మలు. ఫారాల కట్టలన్నీ బల్ల చివర పేర్చారు. నేనూ అక్కడే ఉన్నాను. ప్రణాళికాధికారి చక్రధర్ సమాచారాన్ని బట్టే సేవలు ఉండాలని, ఊహల మీద పథకాలు వేసే కాలం పోయిందని ఉపన్యాసం దంచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గంగిరెద్దుల్లా తలలాడించారు. తర్వాత హేమలత లేచి, ఆడపిల్లలకు అయిదు మంచాల వార్డు కావాలని, చాలా అవసరంగా ఉందని చెప్పింది.

చక్రధర్ ముందున్న పట్టిక తిప్పి చూశాడు. “మీ కేంద్రంలో ఈ ఏడాది నమోదైన ఆడపిల్లలు సున్నా అమ్మా. కింద సంతకం మీదే” అన్నాడు.

హాలంతా ఆమె వైపు చూసింది. ఆ క్షణంలో నాకు ఆమె మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. ఒక్కొక్క పిల్లకు మందుల చీటీ ఇప్పించి, పద్నాలుగు మంది పిల్లల్ని లెక్కలోంచి తానే తుడిచేసింది. తుడిచేసినట్టు ఆమెకు అప్పటిదాకా తట్టనే లేదు.

ఆమె కూర్చుంటుందనుకున్నాను. మనుషుల్ని చూసి చూసి నాకు ఆ మాత్రం అంచనా ఉంది. కానీ కూర్చోలేదు. బల్ల చివరికి వచ్చి మా కట్ట విప్పింది. పేర్లు చూసుకుంటూ పద్నాలుగు ఫారాలూ బయటికి తీసింది.

“వీళ్ళందరు ఆడపిల్లలే సార్. మీ కంప్యూటర్ తీసుకోకపోతే మగపిల్లలని రాసిన. తప్పు నాదే, ఒప్పుకుంటున్న. ఇప్పుడు అందరి ముంగట దిద్దుతున్న” అంది.

అక్కడే నిలబడి ఒక్కొక్క దాని మీద పురుషుడు కొట్టేసి స్త్రీ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది. జీడిపప్పు నమిలే చప్పుడు మాత్రం ఆగలేదు. పరిశీలిస్తామని చక్రధర్ అన్నాడు. నిజం కళ్ళముందు పెట్టాక ఇంకేం చేస్తారు, వార్డు ఇవ్వక తప్పదని నేనూ ఆశపడ్డాను. అంత చూశాక కూడా ఆశపడ్డానంటే నా బుద్ధి ఎంత గడ్డి తిందో చూడండి.

ఇరవై రోజులకు ఉత్తర్వు వచ్చింది. అందులో మూడు అంశాలున్నాయి. తప్పుడు వివరాలు నమోదు చేసినందుకు హేమలతకు మెమో, మళ్ళీ జరిగితే ఉద్యోగం ఉండదు. మగపిల్లల సంఖ్య పద్నాలుగు తగ్గినందువల్ల, పదింటిలో రెండు మంచాలు వెనక్కి తీసుకోవడమైనది. ఇక సదరు పద్నాలుగు మంది బాలికలూ వార్డు లేకుండానే చికిత్స పొందినట్లు రికార్డులు తెలుపుతున్నందున, బాలికల వార్డు అవసరం కనిపించడం లేదు. అదండీ సంగతి. ఉన్న మంచాలు కూడా ఊడబెరికిన సమాచారం నాది. దీన్ని రాసినవాడికి చదువు చెప్పిన పంతుళ్ళ మీద కూడా నాకు కోపం వచ్చింది.

దిద్దిన ఫారాలు జిల్లా రికార్డులో ఉండకూడదట. మమ్మల్ని దారంతో కట్టి హేమలతకే తిప్పి పంపారు.

ఆ వారమే ఓదెమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి రజిత నడవలేకుండా ఉంది. తల్లి రెక్క పట్టుకుంటే అడుగులో అడుగు వేస్తూ లోపలికొచ్చి గోడకు ఆనుకుని కూలబడింది. ఓదెమ్మ వార్డు వచ్చిందా అని అడగలేదు. హేమలత ముఖం చూస్తేనే తెలిసింది.

“నీ మాట మీద ఆర్నెల్లు ఆగిన మేడం. ఇగ నాతోని కాదు” అంది.

హేమలత కొత్త ఫారం తీసింది. సమ్మయ్య కంప్యూటరు ముందు కూర్చుని, ఏం కొట్టాలని అడిగాడు. మెమో సంగతి అతనికీ తెలుసు. అబద్ధం కొడితే ఆమె ఉద్యోగం పోతుంది, నిజం కొడితే ఆ పిల్లకు చీటీ రాదు. ‘స్త్రీ’ అని కొట్టమంది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆమె వాటిని చదవలేదు. డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన వచ్చి పిల్లను పరీక్షించి, ఏ నంబరూ లేని తెల్లకాగితం మీద మందులు రాసి సంతకం పెట్టాడు.

వెనక్కి పంపాల్సిన రెండు మంచాలు వరండాలో లారీ కోసం ఎదురుచూస్తున్నాయి. వాటిలో ఒకదాన్ని హేమలత, సమ్మయ్య చెరోవైపు పట్టుకుని ఆమె గదిలోకి తెచ్చారు. తెచ్చేటప్పుడు గడపకు తగిలి ఒక కాలు కింది తొడుగు ఊడిపోయింది. మంచం ఒకవైపు వాలి కిర్రుమంటోంది. హేమలత చుట్టూ చూసి, బీరువా మీదున్న మా కట్ట తీసి నాలుగు మడతలు పెట్టి ఆ కాలు కింద తోసింది. మంచం కదలడం మానేసింది. రజితను దాని మీద పడుకోబెట్టారు.

ఈరోజుకు ఆరో రోజు. పగలు హేమలత, పనయ్యాక ఓదెమ్మ ఆమె దగ్గర కూర్చుంటున్నారు. మొదటి మూడు రోజులు పిల్ల వణికింది, తిట్టింది, పారిపోతానని తలుపు కొట్టింది. నిన్న అన్నం మారు పెట్టమని అడిగింది. సోమవారం తనిఖీకి వస్తున్నారట. ఈ గదిలో మంచం ఎందుకుందని, ఏ ఉత్తర్వు ప్రకారం వేశారని అడుగుతారు. హేమలత ఏం చెబుతుందో నాకు తెలియదు.

ఆ ఏడుగురూ మూడు రోజులు కూర్చుని నన్ను తయారుచేశారు. ముగ్గురు అధికారులు సరిచూశారు. పెద్ద బల్ల చుట్టూ కూర్చుని నన్ను అధ్యయనం చేశామన్నారు. ఇంత జరిగాక ఆ ఊళ్ళో ఆడపిల్లకు దొరికింది ఈ ఒక్క మంచం. దాని కాలు కింద నేనున్నాను. సోమవారం దాకా కదలను.