అలివేలమ్మ డబ్బాలో పట్టిన చప్పుడు

చంద్రమోహన్ రోజూ పొద్దున ఆరింటికి పైపు పట్టుకుని కారు కడుగుతాడు. దేవసూగూరు పక్కన వాళ్లుండే కాలనీలో తెల్లారేసరికి కార్ల మీద థర్మల్ కరెంటు ప్లాంటు నుంచి వచ్చే సన్నటి బూడిద పరుచుకుని ఉంటుంది. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయని నీళ్లే కొడతాడు. ఆ వేళకు లోపల అతని భార్య సత్యభామ స్నానం, వంట ముగించుకుని టిఫిను కట్టుకుంటూ ఉంటుంది. ఏడింటికి ఆ కారులోనే రాయచూరు మీదుగా యాపలదిన్ని ఆరోగ్య కేంద్రానికి డ్యూటీకి వెళ్తుంది. నర్సు ఆమె. నలభై ఏడో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. రెండు బస్సులు మారి వెళ్తే పది దాటుతుంది. అక్కడ ఎనిమిదిన్నరకే తల్లులు పిల్లల్నెత్తుకుని టీకాల కోసం వచ్చి కూర్చుంటారు.

రెండు నెలలుగా కారు కుదుపుతోంది. మూడు సిలిండర్ల పాత చిన్న కారు అది. ఇల్లు వదిలిన దగ్గర్నుంచి ఇంజన్ మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతూ, ఒకరోజు లారీల ముందు రోడ్డు మధ్యలో ఆగిపోయింది కూడా. రాయచూరు చేరేసరికి మాత్రం ఏమీ ఎరగనట్టు సాఫీగా నడుస్తుంది. సాయంత్రాలు చంద్రమోహన్ నడిపితే అసలు కుదపదు. రాయచూరు మెకానిక్ మహదేవప్ప రెండుసార్లు ప్లగ్గులు విప్పి చూసి, ఏమీ లేదన్నాడు.

దాంతో తప్పు సత్యభామ కాలిదేనని, క్లచ్ మీద కాలు తియ్యదని చంద్రమోహన్ తేల్చేశాడు. లారీ కింద పడితే తాను చూడలేనన్నాడు. అదీ నిజమే. తుర్విహాళ ఊరి బసన్నకు కారు అమ్ముతానని మాటిచ్చాడు. ఆదివారం వచ్చి తీసుకుపోతాడు. ఇంకా ఆరేళ్ల సర్వీసున్న సత్యభామను స్వచ్ఛంద విరమణ తీసుకొమ్మన్నాడు. కారు పోతే ఉద్యోగం పోయినట్టే. ఆమె కాగితం రాసింది, సంతకం ఒక్కటే మిగిలింది.

శుక్రవారం ఇదంతా విన్న చంద్రమోహన్ తల్లి అలివేలమ్మ తన గదిలోకి పోయింది. ఆ గదిలో నలభై దాకా స్టీలు డబ్బాలున్నాయి. అన్నీ చప్పుళ్లవే. పెళ్లినాటి సన్నాయి, పోయిన భర్త దగ్గు, వరద వచ్చిన ఏడాది కృష్ణ హోరు. ఖాళీ డబ్బా మూత తీసి పెడితే చుట్టూ అయ్యే చప్పుడు వచ్చి డబ్బాలో కూర్చుంటుంది. మళ్లీ మూత తీస్తే ఒక్కసారి పలికి పోతుంది. పిల్లల్ని ఊయలలో వేసే తొట్లె ఫంక్షన్లకు కాలనీవాళ్లు ఒకటీ అరా అడిగి పట్టుకుపోతుంటారు. డబ్బా కడిగి తిరిగివ్వాలి, అంతే.

ఖాళీది ఒక్కటీ లేదు. అలివేలమ్మ వెతికి వెతికి ఒకటి పెరట్లోకి తెచ్చి మూత తీసింది. రెండేళ్ల పిల్లవాడి కిలకిల నవ్వు బట్టల తీగ దాకా పోయి ఆగిపోయింది. అది చంద్రమోహన్‌ది. సత్యభామ అయ్యో అంది.

"పోనీ తియ్యి. వాడు ఇంట్లనే ఉన్నడు గద. నవ్వాల్నంటె నవ్వుతడు," అని అలివేలమ్మ డబ్బా కడిగి బోర్లించింది.

శనివారం పొద్దున ఆ డబ్బా తెరిచి పెట్టుకుని వాకిట్లో స్టూలు మీద కూర్చుంది. బయల్దేరే వేళకు దాన్నలాగే ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో ఎక్కింది. ఆ రోజు సెలవు కాబట్టి చంద్రమోహన్ కూడా ముందు సీట్లో ఎక్కాడు, కారులో తప్పేమీ లేదని మహదేవప్పతోనే అమ్మకు చెప్పిద్దామని. కారు కుదిపినప్పుడల్లా "క్లచ్" అన్నాడు. సత్యభామ ఎడమ కాలు పూర్తిగా పక్కకు తీసి చూపించింది.

"ఇప్పుడు తీసినవ్," అన్నాడు.

ఆరో కిలోమీటరు రాయి దగ్గర అలివేలమ్మ మూత బిగించింది.

రాయచూరులో మహదేవప్ప ఇంజన్ విన్నాడు. మూడూ సమంగా కొడుతున్నాయి. మస్తుగా నడుస్తోంది కదా అన్నాడు. అలివేలమ్మ డబ్బా తీసి బానెట్ మీద పెట్టింది.

"ఎన్నిసార్లు పలుకుతది అవ్వా?"

"ఒక్కసారే. చెవి పెట్టి విను."

అతను ఇంజన్ ఆపి, పక్కన గాలి మిషన్ కూడా ఆపించి, చేతులు తుడుచుకుని మూత తీశాడు.

మొదట కాకులు అరిచాయి. తర్వాత బానెట్ లేచిన కిర్రు. ఆ వెనక ధారగా పైపు నీళ్లు ఇనుము మీద పడుతున్న చప్పుడు, దాంతో పాటు చంద్రమోహన్ కూనిరాగం. బానెట్ దబ్బున పడింది. కాసేపటికి ఇంజన్ అంటుకుంది. టక్ టక్, ఒక ఖాళీ. టక్ టక్, ఒక ఖాళీ. ఆ ఖాళీలో చిట్‌మని సన్నటి చప్పుడు. "క్లచ్" అంది డబ్బా. మళ్లీ చిట్. మళ్లీ "క్లచ్".

డబ్బా ఖాళీ అయ్యాక మహదేవప్ప బానెట్ ఎత్తాడు. ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత ఊడదీసి, ఎండలో తిప్పి చూపించాడు. వెంట్రుకంత పగులు, దాని వెంట కాలిన నల్లగీత. తడి తగిలితే స్పార్కు ప్లగ్గుకు పోకుండా ఈ పగులు వెంట పక్కకు దూకుతుందని, కొంతదూరం నడిస్తే ఇంజన్ వేడికి ఆరిపోతుందని, అందుకే తనకెప్పుడూ దొరకలేదని చెప్పాడు. అదే మూత మళ్లీ పెట్టి, దోసెడు నీళ్లు చిలకరించి స్టార్ట్ చేశాడు. ఖాళీ వచ్చింది. కొత్త మూత వేసి మళ్లీ చిలకరించాడు. రాలేదు.

"ఇంజన్ మీద రోజు నీళ్లు కొట్టేది ఎవరు?" అని అడిగాడు.

ఎవరో అతనికి తెలుసు. గొంతు విన్నాడు. సత్యభామ ఇంజన్ వైపే చూస్తూ నిల్చుంది. అలివేలమ్మ చీర కొంగుతో డబ్బా లోపల తుడుస్తోంది.

"నేనే," అన్నాడు చంద్రమోహన్. "బూడిద లోపలికి పోతదని."

"గుడ్డ పెట్టి తుడువుండ్రి సార్. నర్సు అక్కోరి కాలు బాగనే ఉంది."

చంద్రమోహన్ షెడ్డు బయటికి పోయి బసన్నకు ఫోన్ చేశాడు. అవతలి మనిషి చాలాసేపు గట్టిగా మాట్లాడాడు. అంతా విన్నాక, "ఆమె డ్యూటీకి కావాలె బసన్నా. ఇంక ఆరేండ్లున్నది," అని పెట్టేశాడు.

అప్పటికే ఆలస్యమైంది, ముగ్గురూ అలాగే యాపలదిన్నికి బయల్దేరారు. ఊరు దాటాక స్పీడ్‌బ్రేకర్ దగ్గర సత్యభామ తొందరపడి గేరు మార్చింది. కారు ఎగిరి కుదిపింది, అలివేలమ్మ నుదురు వెళ్లి ముందు సీటుకు కొట్టుకుంది. ఈసారి తప్పు నిజంగా సత్యభామ కాలిదే.

చంద్రమోహన్ నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని, కిటికీలోంచి పత్తి చేలను చూశాడు.