రొట్టెల సిపాయి మీద విచారణ

విస్కాన్సిన్ పక్క రాష్ట్రంలో, సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఇర్మా లాహ్తికి తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఏళ్ళ తరబడి పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు పిలిచిన మనిషి. లోపల నోరు తెరవడానికి భయపడేవాళ్ళు కూడా ఆమె ముందు మాత్రం ధారాళంగా తెరిచేవారు. ఎవరి కోడలు ఎందుకు అలిగిందో, ఎవరి పడవ ఎందుకు అమ్ముడుపోవడం లేదో అన్నీ ఆమె చెవిన పడేవి. అలాంటి ఇర్మాకు సొంత మొగుడు వైనో శనివారాలు కోటలో ఏం చేస్తాడో తెలియదంటే నమ్మేవాళ్ళు లేరు.

కానీ నిజంగానే తెలియదు.

తను పనిచేసే కాగితం మిల్లు మూతపడ్డాక వైనో ఓ చలికాలమంతా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని సరస్సు కేసి చూస్తూ గడిపాడు. ఆ తర్వాతి వేసవిలో, ఊరి చివర బాగుచేసిన పాత కోటలో, చూడవచ్చేవాళ్ళ కోసం వెనకటి కాలపు సిపాయి వేషం కట్టడానికి మనుషులు కావాలంటే వెళ్ళి పేరిచ్చాడు. అప్పట్నించి వేసవి శనివారాల్లో పొద్దున్నే ఉన్ని ప్యాంటు సంచిలో పెట్టుకుని పోవడం, సాయంత్రం పొగ వాసనతో తిరిగి రావడం, తిన్నగా ఆవిరి స్నానం చేసే సావ్నా గదిలో దూరడం.

"ఏం చేశావేంటి ఇవాళ?" అని ఇర్మా తలుపు అవతల నించుని అడిగేది.

"సిపాయిని కదా. సిపాయి పనే."

"అంటే?"

"ఉంటుందిలే ఏదో ఒకటి."

అంతే. ఆవిరి చప్పుడు తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. భుజాన తుపాకీ పెట్టుకుని అటూ ఇటూ నడుస్తుంటాడు కాబోలని ఆమె సరిపెట్టుకుంది.

జులైలో ఓ రోజు కిరాణా కొట్లో ఎదురింటి బెర్నిస్ కనబడి, "మీ ఆయన చేతి రొట్టె ఎంత బావుందనుకున్నావు ఇర్మా! మా మనవలు ఒకటి తిని ఇంకోటి కావాలని అక్కడే బైఠాయించారు" అంది.

ఇర్మా, అంతా తెలిసినట్టు నవ్వింది. నవ్వి కారులోకొచ్చి స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. వైనో ఏమిటి, రొట్టె చేయడమేమిటి? ఇన్నేళ్ళ కాపురంలో వెన్న ఏ అరలో ఉంటుందో కూడా ఆమెనే అడిగే మనిషి!

మళ్ళీ శనివారం వచ్చింది. అతను వెళ్ళేదాకా ఆగి, మంచి టోపీ ఒకటి పెట్టుకుని ఆమె కూడా బయల్దేరింది.

కోట వాకిట్లో నీలం కోటు వేసుకున్న కాపలా సిపాయి తుపాకీ అడ్డం పెట్టాడు. తీరా చూస్తే పోస్టాఫీసులో కౌంటరు దగ్గర ఉండే మనిషే.

"ఎవరమ్మా తమరు? ఏ పడవలో దిగారు?"

"పడవేంటయ్యా, కార్లో వచ్చాను. నిన్న నాకు స్టాంపులిచ్చింది నువ్వే కదా?"

"స్టాంపులా?" అతను నుదురు ముడేశాడు. "అదే దేశపు సరుకమ్మా? మా దగ్గరకింకా రాలేదు."

ఇర్మాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే సరదా కూడా పుట్టింది. "సరే, ఆ పెద్ద పడవలోనే వచ్చాలే. దారంతా ఒకటే కడుపులో తిప్పడం" అంది. అతను తుపాకీ పక్కకి తీసి దారిచ్చాడు.

లోపల అడుగడుగునా తెలిసిన మొహమే ఎదురైంది, కానీ ఎవరూ ఆమెను ఎరిగినట్టు మసలడం లేదు. లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆవిడ మోచేతుల దాకా సబ్బు నురగతో సిపాయిల చొక్కాలు బాదుతోంది. టైర్ల షాపాయన కమ్మరి కొలిమి దగ్గర గుర్రపు నాడా సాగగొడుతున్నాడు. రెండొందల ఏళ్ళ కిందట ఈ సరస్సు ఒడ్డున, ప్రపంచానికి దూరంగా పడి ఉన్న దండులో మనుషులెలా బతికారో అలా బతుకుతున్నారు వీళ్ళు. ఇర్మా ఎవర్నీ వదల్లేదు. ఈ ఎండలో ఉన్ని కోటు దురద పెట్టదా? సబ్బు దేంతో చేస్తారు? పన్ను నొప్పొస్తే ఎవరు పీకుతారు? కమ్మరే పీకుతాడని తెలిసి, ఆ పట్టకారు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి తృప్తిగా తిరిగిచ్చింది.

సిపాయిలు పడుకునే బారకాసుల వెనక, ఇటుకల పొయ్యి ఉన్న చిన్న గదిలోంచి నవ్వులు వినబడుతున్నాయి. గుమ్మంలో జనం. వాళ్ళ భుజాల మీదుగా తొంగి చూసింది.

వైనో చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. పైగా అతను మాట్లాడుతున్నాడు! ఆపకుండా మాట్లాడుతున్నాడు.

"అలా గిల్లకూడదమ్మా దాన్ని. పిండికి కోపమొస్తే పొంగదు. మా సార్జెంటుకీ దానికీ తేడా ఏంటంటే, సార్జెంటు కోపమొస్తేనే పొంగుతాడు." జనం ఘొల్లుమన్నారు. అతను పొడవాటి చెక్క పారతో పొయ్యిలోంచి రొట్టె బయటికి లాగి, అడుగున వేలితో కొట్టి, "విన్నారా? బోలుగా మోగాలి. మోగకపోతే లోపల ఇంకా పచ్చి" అన్నాడు. అలా అని తలెత్తేసరికి ఇర్మా కనిపించింది.

పార గాల్లోనే ఆగింది. వైనో చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు 'నువ్వెందుకొచ్చావు' అంటాడనుకుంది ఆమె.

"దండం అమ్మగారూ," అన్నాడు వైనో. "దూరం నించి వచ్చినట్టున్నారు. రొట్టె రుచి చూస్తారా?"

మీరూ, అమ్మగారూనా! పెళ్ళికి ముందు ఆమె తండ్రి ఎదుట కూడా అతనింత మర్యాదగా మాట్లాడలేదు. ఇర్మా ముక్క అందుకుని నోట్లో పెట్టుకుంది. పై పెచ్చు కరకరలాడింది, లోపల కొద్దిగా పులుపు. ఆమె చేసే ఏలకుల రొట్టె దారి వేరు, దీని దారి వేరు. బావుంది. బావుండటమే ఆమె ఒళ్ళు మండించింది.

"సిపాయిగారికి పెళ్ళయిందా?" అని అడిగింది.

"అయిందమ్మా. తను చాలా దూరంలో ఉంటుంది."

"ఉత్తరాలేమైనా రాస్తుంటారా?"

"నాకు రాయడం రాదమ్మగారూ."

"మాట్లాడటం వచ్చా?"

జనం నవ్వారు. వైనో పిండి చేతులు ఆప్రానుకు తుడుచుకున్నాడు. "ఈ మధ్యే నేర్చుకుంటున్నా. ఇక్కడైతే వస్తోంది మరి" అన్నాడు.

ఆమె ఇంకో ప్రశ్న వేసేలోపే బయట డప్పు మోగింది. సైనిక విచారణ మొదలవుతోందని ఎవరో కేకేశారు. జనమంతా కవాతు మైదానం వైపు నడిచారు.

బడిలో బ్యాండు నేర్పే ట్రెవార్థన్ మాస్టారు కెప్టెన్ వేషంలో, కత్తి మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. "న్యాయం చెప్పడానికి నాకు అధికారులు తక్కువయ్యారు. మీలో ముగ్గురు రావాలి" అన్నాడు. ఇర్మా చెయ్యి దానంతటదే పైకి లేచింది. బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న మిల్వాకీ ఊరి మనిషి ఒకాయన, కాలేజీ పిల్ల ఒకతె ఆమెకు చెరో పక్కా బల్ల మీద కూర్చున్నారు.

"ముద్దాయిని తీసుకురండి!"

పోస్టాఫీసాయన తీసుకొచ్చింది వైనోని. టోపీ లేదు, చేతులకు తాడు. బల్ల మీద ఉన్నదెవరో చూశాక అతను కళ్ళు దించి బూట్ల మీద పెట్టుకున్నాడు.

కెప్టెన్ గొంతు సవరించుకుని కేసు చెప్పాడు. ముద్దాయి పేరు ఏమస్ టటల్, దండులో రొట్టెలు కాల్చే సిపాయి. ఫిబ్రవరిలో ఓ రోజు ఎవరికీ చెప్పకుండా, గడ్డకట్టిన సరస్సు మీద నడుచుకుంటూ అవతలి ఒడ్డుకేసి పోయాడు. మర్నాడు తనంతట తానే తిరిగొచ్చాడు. ఇదంతా ఈ కోటలో జరిగిందే. పారిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు, పట్టుబడ్డవాళ్ళూ ఉన్నారు. తనకు తానుగా తిరిగొచ్చినవాడు ఇతనొక్కడే. ఎందుకొచ్చాడో మాత్రం ఎవరికీ తెలియదు.

"సిపాయి టటల్, నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా?"

"లేదు సార్."

మిల్వాకీ ఆయన ముందుకు వంగాడు. "ఇతన్ని కాల్చేయొచ్చా?"

"ఇది శాంతి కాలమండీ. అందరూ చూసేలా పీపా మీద నిలబెట్టొచ్చు" అన్నాడు కెప్టెన్. జనం నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి. ప్రతి శనివారం ఇక్కడితో తీర్పు చదివి ముగించడమే అలవాటు.

"నాదో ప్రశ్న" అంది ఇర్మా.

ట్రెవార్థన్ మాస్టారు తడబడ్డాడు. ముద్దాయిని ప్రశ్నలడగడం ఆటలో లేదు. "అ... అడగండి లెఫ్టినెంట్."

"ఎందుకు పోయాడో ఎవరైనా ఊహించగలరు. చలి ఉంది, చాకిరీ ఉంది, సార్జెంటున్నాడు. అది కాదు. తిరిగి ఎందుకొచ్చావయ్యా?"

ఆ మాట నోరు దాటాక గానీ తాను అడుగుతున్నదేమిటో ఆమెకు తట్టలేదు. మిల్లు మూతపడ్డ ఆ చలికాలంలోనే, ఇలాగే ఓ ఫిబ్రవరి రోజున, మంచు మీద చేపలు పడతానని సామాను ట్రక్కులో వేసుకుని వెళ్ళిన వైనో ఆ రాత్రి ఇంటికి రాలేదు. మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. ఒక్క చేప లేదు. గాలాల పెట్టె మూత తీసిన జాడ లేదు. ఊళ్ళో అందర్నీ అన్నీ అడిగే ఇర్మా, ఆ రోజు అతని ముందు వేడి సూపు గిన్నె పెట్టి, ఏమీ అడక్కుండా పక్క గదిలోకి వెళ్ళిపోయింది. ఏం వినాల్సొస్తుందోనని భయం. అప్పట్నించి ఇద్దరూ ఆ రోజును తలుచుకోకుండా తప్పుకు తిరుగుతున్నారు.

వైనో కెప్టెన్ వైపు చూశాడు. "'చెప్పేదేం లేదు' అనెయ్" అని కెప్టెన్ మీసాల చాటున గొణిగాడు.

"సగం దూరం దాకా మంచు గట్టిగానే ఉందండీ," అన్నాడు వైనో మెల్లిగా. "అవతలి ఒడ్డున దీపాలు కనబడ్డాయి. అక్కడ నన్నెరిగినవాళ్ళు లేరు. అదే బావుంటుందని బయల్దేరాను. తీరా దగ్గరకెళ్ళాక అదే బాగాలేదనిపించింది. ఇక్కడైతే పొద్దున లేచింది మొదలు 'ఎక్కడికి, ఎందుకు, ఏం తిన్నావు' అని ప్రాణం తోడేసేవాళ్ళు ఉన్నారు."

జనం నవ్వారు. ఇర్మా నవ్వలేదు.

"అందుకని వచ్చేశాను. వచ్చాక మాత్రం, ఆ ఒక్క సంగతీ నన్నెవరూ అడగలేదండీ. అడుగుతారని చాలా రోజులు చూశాను."

మైదానంలో జెండా తాడు కొయ్యకు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. కాలేజీ పిల్ల ఫోను కిందికి దించింది. మిల్వాకీ ఆయన ఇర్మా చెవి దగ్గరికొచ్చి, "వదిలేద్దామండీ పాపం. తిరిగొచ్చాడుగా" అన్నాడు.

"వదలడమేంటి?" అంది ఇర్మా. "తిరిగొచ్చాడు, మంచిదే. చెప్పకుండా పోవడం మాత్రం తప్పు. ఎక్కించండి పీపా మీద!"

ఈసారి అందరికంటే ముందు వైనోయే నవ్వాడు.

చేతుల తాడు విప్పి, మెడలో 'చెప్పకుండా పోయినవాడు' అన్న పలక వేసి అతన్ని పీపా ఎక్కించారు. ఫొటోలు తీసుకోవడం అయ్యిందో లేదో, బురుజు మీద ఫిరంగి పేలుస్తారని డప్పు మోగింది. జనమంతా అటు పరిగెత్తారు. పైన వైనో, కింద ఇర్మా మిగిలారు.

"ఎక్కడికెళ్ళావు ఆ రోజు?" అంది ఆమె తలెత్తి.

"విస్కాన్సిన్. అక్కడో మిల్లులో మనుషుల్ని తీసుకుంటున్నారన్నారు. రాత్రి వాళ్ళ గేటు ముందు ట్రక్కులోనే పడుకున్నా. పొద్దున్న చూస్తే లైన్లో అంతా మా తమ్ముడి కొడుకు ఈడువాళ్ళే. దిగబుద్ధి కాలేదు. వెనక్కి తిప్పుకుని వచ్చేశా."

"నాకు చెప్తే ఏం పోయేది?"

"ఉద్యోగం వస్తే చెబుదామనుకున్నా. రాలేదు కదా, ఏమని చెప్పను?"

"నేను వేరే ఏదో అనుకున్నాను వైనో."

"ఏమనుకున్నావు?"

ఇర్మా సరస్సు కేసి చూసింది. చెయ్యి చాచి అతని బూటు మీద వేసింది. అంతవరకే అందింది. బురుజు మీద ఫిరంగి ఢామ్మని పేలింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. పీపా ఊగింది. "పట్టుకో పట్టుకో!" అంటూ అతను ఆమె భుజం ఆసరాతో కిందికి దూకాడు.

"శిక్ష ఇంకా అవలేదు" అంది ఆమె.

"మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు. అప్పీలు చేసుకుంటున్నా."

ట్రెవార్థన్ మాస్టారు కత్తి ఒక చేత్తో, టోపీ ఒక చేత్తో పట్టుకుని వగరుస్తూ వచ్చాడు. "వైనో, ఆ జవాబు ఎక్కడ దొరికింది నీకు? నిజంగా టటల్ చెప్పిందేనా?"

"టటల్ ఏమన్నాడో నాకేం తెలుసు మాస్టారూ? ఆవిడ అడిగింది, నాకు తోచింది చెప్పాను."

"వచ్చే వారం కూడా ఎవరైనా అడిగితే?"

"అప్పటికి ఏది తోస్తే అది."

మాస్టారు బుర్ర గోక్కుంటూ వెళ్ళిపోయాడు. వైనో మెడలో పలక తీసి పీపా మీద పెట్టాడు. పొయ్యి చల్లారేలోగా ఇంకో వాయి కాల్చాలన్నాడు. ఇర్మా అతని వెంటే నడిచింది.

"ఇంతకీ ఆ టటల్ తర్వాత ఏమయ్యాడు?"

"దండులో గడువు పూర్తి చేసుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడికో తెలీదు. పుట్టింది మాత్రం వెర్మాంట్ అంటారు."

"పెళ్ళాం పిల్లలు?"

"తెలీదు."

"అసలు వెర్మాంట్లో వాళ్ళవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారేమో అడిగారా మీరు?"

"ఎవర్ని అడుగుతాం ఇర్మా? రెండొందల ఏళ్ళయింది!"

"ఎవరో ఒకరు ఉండకపోరు. ఏ ఊరో కనుక్కుని చెప్పు, మిగతాది నాకొదిలెయ్" అంటూ ఆమె పొయ్యి గదిలోకి రాగానే టోపీ తీసి మేకుకు తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచి, "ఊఁ, ఈ పిండి ఎలా పిసకాలి?" అంది.