పిన్ని కలిపిన అల్లం కషాయం

అమ్మ పోయిన నెలకే నా చేతివేళ్ల కీళ్లు వాచాయి. పొద్దున లేచాక రెండు గంటల దాకా వేళ్లు మడతపడవు. బడిలో సుద్దముక్క నిలవక, బోర్డు మీద పిల్లల చేతే రాయించేదాన్ని.

మా ఊరు బరహోనాలో తలో కారణం చెప్పారు. చికున్‌గున్యా మిగిల్చిన నొప్పులన్నాడు మందుల షాపతను. దిగులన్నాడు మొదటి డాక్టరు, నా చేతులు ముట్టుకోకుండానే. ఇంట్లో నాతో ఉండే ఒబ్దులియా పిన్ని తప్పు నా మీదే వేసింది.

"మా అక్కని సాగనంపే రోజు ఆ నల్ల గౌను ఇస్త్రీ చేసి, వేడి చేతులు అలాగే చన్నీళ్ల పంపు కింద పెట్టావా లేదా? కీళ్లు పట్టేస్తాయని మొత్తుకున్నాను. టీచరమ్మవి, మా మాట ఎక్కడ వింటావు!"

నా భయం వేరు. అమ్మ వేళ్లు చివరికి ఒక పక్కకి ఒరిగిపోయాయి. అన్నం నేనే తినిపించాను. నాదీ అదే కీళ్లవాతమైతే, ముందే తేలితే, వేళ్లు వంగకుండా ఆపవచ్చు. రాజధానిలో కీళ్ల డాక్టరు ఐదు నెలల తర్వాత రమ్మన్నారు.

ఆ తేదీకి మూడు వారాల ముందు నొప్పి తగ్గసాగింది. ఒకరోజు స్నానం చేస్తుంటే, ఎన్నాళ్లుగానో ఇరుక్కుపోయిన ఉంగరం దానంతటదే జారి వచ్చింది. సంతోషం కలగలేదు. అనుమానం కలిగింది. నా తిండి మారలేదు, పని మారలేదు. రోజూ సాయంత్రం నేను తాగే అల్లం కషాయం మాత్రం ఈమధ్య పిన్నే కాస్తోంది. నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు.

కప్పు అడుగున తెల్లటి మడ్డి కనిపించింది.

"ఇదేంటి పిన్నీ?"

"అల్లం పిప్పి. వంకలు పెట్టకుండా తాగు."

అల్లం పిప్పి అంత తెల్లగా ఉండదు. ఆదివారం ఆమె చర్చికి వెళ్లాక బియ్యం డబ్బా వెనక వెతికాను. ఆకుల బొమ్మ ఉన్న సీసా, పక్కన విప్పేసిన క్యాప్సూల్ డొల్లలు. సీసాని సంచిలో వేసుకుని, డాక్టరు రమ్మన్న తేదీ కావడంతో మర్నాడు రాజధాని బస్సెక్కాను.

కీళ్ల డాక్టరు బెల్ట్రే ఒక్కో కీలు నొక్కి చూశారు. "వాపేదమ్మా? చక్కగా ఉన్నాయే!"

సీసా బల్ల మీద పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూశారు.

"పేరుకే మూలికలు. ఇలాంటివాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ కలుపుతారు. వాపు అణుగుతుంది, జబ్బు దాక్కుంటుంది. ఒక్కసారిగా ఆపకూడదు. నేను రాసినట్టు తగ్గించుకుంటూ మానేయండి. ఆరు వారాల తర్వాత వాపుతో రండి, అప్పుడు చూస్తాను." రాస్తూనే అన్నారు, "ఏళ్ల తరబడి వాడేవాళ్లూ ఉన్నారు. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది."

అమ్మ చివరి ఏడాది ముఖం గుండ్రంగా ఉండేది. చక్కెర జబ్బుతో పోయింది. సీసాని మళ్లీ సంచిలో వేసుకున్నాను.

పిన్ని గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమంది? వాపేదని అడిగిందా లేదా?"

"సీసా దొరికింది పిన్నీ."

ఆమె సిగ్గుపడి నవ్వింది. "చెబితే తాగుతావా నువ్వు? దానికి పది ప్రశ్నలు!"

"అమ్మకీ ఇచ్చావా?"

"రెండేళ్లు. ఎంత హాయిగా నిద్రపోయేదో పాపం. ముఖం కూడా నిండుగా అయింది." ఆగి నన్ను చూసింది. "ఏం, మంచిది కాదా?"

"నాకు పడలేదు. ఇంకెవరికీ ఇవ్వకు."

"మా అక్కకి పడిందిగా?"

"పడింది" అన్నాను.

ఐదో వారానికి కీళ్లు మళ్లీ ఎర్రగా ఉబ్బాయి. ఆరో వారం బస్సుకి బయల్దేరే పొద్దున, పిన్ని సణుగుతూనే నా జాకెట్టు గుండీలు పెట్టింది.

"ఈ చేతులతో పోతావా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"ఆవిడ చూస్తే చాలు పిన్నీ."

పై గుండీ కూడా పెట్టి, తలుపు తనే తీసింది.