గుండుసూదుల ముసుగు

పొద్దున్నే షట్టరెత్తి, మిషనుకి నూనె వేసి, టీ చల్లారేలోపు చొక్కాలకి గుండీలు కుట్టెయ్యడం టైలరమ్మకి అలవాటు. పెళ్ళి బట్టలు మాత్రం తీరిగ్గా పట్టుకునేది. వాటితో పేచీ ఎక్కువ. పెళ్ళికూతురికి వాటిల్లో ఏది ఇష్టం లేదో సరిగ్గా అక్కడే కుట్టు ఊడిపోయేది. మొత్తం ఊడిపోతే కత్తెర పక్కన పెట్టి, ఆ పిల్లకి మంచినీళ్ళిచ్చి, ముందు ఇంట్లో మాట్లాడి రమ్మనేది. దారం మంచిది కాదని వీధిలో ఎవరూ అనలేదు.

ఈసారి పెళ్ళికూతురు స్కూలు బస్సు డ్రైవరు. పెళ్ళికొడుకంటే ప్రాణం, అందుకే పెళ్ళి బట్టల్లో పోగు కూడా కదల్లేదు. ఊడిందల్లా ముసుగు అంచే. అది కాబోయే అత్తగారిది. ప్రతి పెళ్ళికీ అంచు కొత్తగా కుట్టించి, ఆ ఇంటి కోడళ్ళు మొహం మీదికి లాక్కునేవారు. పెద్దకోడలు ముచ్చటపడి వేసుకుంది కాబట్టి అప్పుడు కుట్టు భేషుగ్గా నిలిచింది.

"రోజంతా బస్సు అద్దాల్లో ముందూ వెనకా చూసుకునేదాన్ని. నా పెళ్ళి నేను చూసుకోవద్దా అక్కా?" అంది పిల్ల.

ముసుగు లేకపోతే పెళ్ళికి రానని అత్తగారి పంతం. తల్లి రాకపోతే తట్టుకోలేడు, ఈ పిల్లని వదులుకోలేడు, పెళ్ళికొడుకు మధ్యలో నలిగిపోతున్నాడు.

చివరికి అత్తగారే షాపుకొచ్చి పిల్ల పక్కన కూచుంది. ఆవిడ కళ్ళముందే కుట్టిన దారం జారి ఆవిడ ఒళ్ళోనే పడింది. విసుగ్గా సంచిలోంచి గుండుసూదుల డబ్బా తీసింది.

"కుట్టు నిలవకపోతే ఇవి పెట్టు. నా పెళ్ళికీ ఇవే పెట్టారు."

అనేసి ముసుగు ఒళ్ళోకి లాక్కుంది. అంచు వెంబడి పాత సూదుల తుప్పుచుక్కలు వరసగా కనిపిస్తున్నాయి. ఆవిడే చెప్పుకొచ్చింది. తన పెళ్ళిలో తనకి గుర్తున్నవి ముసుగు కిందనుంచి కనబడ్డ చెప్పులేనట. వచ్చినవాళ్ళని చెప్పుల్ని బట్టే పోల్చుకుందట. నాన్న పాదాలు తలుపు దగ్గరే నిలబడిపోయాయి. ఆయన ఏడ్చాడో నవ్వాడో ఇప్పటికీ తెలీదట.

ఆవిడ డబ్బా మూత పెట్టి, ముసుగు మడిచి సంచిలో పెట్టుకుని పిల్ల వైపు తిరిగింది.

"ఇది అడిగిన కోడలికే ఇద్దాంలే. నువ్వు మాత్రం నడిచేటప్పుడు ముందు మీ నాన్న మొహం చూడమ్మా."

పెళ్ళిరోజున పిల్ల తలెత్తుకుని నడిచింది. పెళ్ళి హాలు తలుపు దగ్గర నాన్న ముక్కు చీదుకుంటూ నవ్వుతున్నాడు. పిల్ల కళ్ళారా చూసింది. ముందు వరసలోంచి అత్తగారు కూడా వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తోంది.