చెయ్యని ఫోను

"గీజర్ ఆపావా?" అన్నాడు భర్త, తల తుడుచుకుంటూ. స్విచ్చి అతని మోచేతి పక్కనే ఉంది. ఆమె పొయ్యి దగ్గర నుంచి వచ్చి, ఆపి వెళ్ళింది. పోతూ పోతూ అత్తగారి గదిలో ఉత్తినే తిరుగుతున్న ఫ్యానూ కట్టేసింది. "ఆఫీసులో ఈ పనికే జీతమిస్తారు, మాకు మాత్రం ఉచితం," అని అతను నవ్వాడు. అత్తగారు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే మూతి ఎందుకు ముడుచుకున్నావని అడుగుతారు, దానికి జవాబు చెప్పుకోవడం ఇంకో పని.

అతను అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. కంపెనీకి సొంత కంప్యూటర్లు లేవు. ఎక్కడో ఉన్న మిషన్లను ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకుంటారు, దానికే క్లౌడ్ అని పేరు. వాడినా వాడకపోయినా ఎవరో ఒకరు ఆపేదాకా అద్దె పెరుగుతూనే ఉంటుంది. ఆ ఎవరో ఒకరు ఆమే. ఒకప్పుడు ఆమె ప్రోగ్రాములు రాసేది, బాగా రాసేది. కాన్పు సెలవు నుంచి తిరిగొచ్చేసరికి ఆమె ప్రాజెక్టు వేరేవాళ్ళ చేతుల్లో ఉంది. "పసిబిడ్డతో మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని," అన్నాడు మేనేజరు. "అయినా పొదుపు ఆడవాళ్ళకి చెప్పాలా!" అని ఈ పని అంటగట్టాడు. అప్పటినుంచి బల్ల బల్లకీ తిరిగి "ఇది మీరు వాడుతున్నారా?" అని అడగడమే ఆమె ఉద్యోగం. ఆమె వస్తుంటే మగ మహారాజులు ఫోన్లలో తలలు దూర్చేవారు. మెయిళ్ళకు జవాబు రాకపోతే మిషన్ తీసెయ్యాలి. ఈసారి బిల్లు బాగా తగ్గిందని మేనేజరు అందరికీ మెయిల్ పెట్టి ఆమెను మెచ్చుకున్నాడు.

ఆ రోజే, కాన్పు సెలవు ముగించుకుని ఆమెకన్నా చిన్నదైన ఒక సహోద్యోగి వచ్చింది. కళ్ళకింద నిద్రలేమి, భుజం మీద ఎండిన పాల మరక.

"అక్కా, నా మిషన్ కనబడట్లేదు. ఎటైనా మార్చారా?"

జవాబు రాలేదని ఆమె తీసేసిన మిషన్లలో అదీ ఒకటి. పక్షవాతం వచ్చి మాట ముద్దగా అయిపోయినవాళ్ళ మాటలు కంప్యూటర్‌కు అర్థమయ్యేలా నేర్పడం ఆ అమ్మాయి పని. ఇళ్ళకు వెళ్ళి, మంచాల పక్కన కూర్చుని రికార్డు చేసుకొచ్చిన గొంతులన్నీ ఆ మిషన్‌లోనే ఉండేవి. దానితోపాటే పోయాయి. ఇంకో కాపీ ఉందేమోనని ఆమె వెతికింది. లేదు.

మేనేజరు గదిలోకి పరుగెత్తి సంగతి చెప్పింది. అతను కాస్త ఆలోచించి, "సిస్టమే తీసేసిందని చెప్పండి. రూలు ప్రకారమే పోయిందిగా," అన్నాడు. "ఎలాగూ ఆ అమ్మాయికి తేలికైన పనే ఇద్దామనుకుంటున్నాం."

తిరిగి వస్తుంటే ఒక మెత్తటి మాట నోటిదాకా వచ్చింది. 'బాలింతవు కదా, ఫోను చేసి ఇబ్బంది పెట్టడం ఎందుకులే అనుకున్నాను.' అది చెబితే ఎవరూ తప్పు పట్టరు. ఆమే నమ్మేసేది, ఆ మిషన్ తీసేసిన వారమే ఇంకొకరికి చేసిన ఫోను గుర్తుకు రాకపోతే.

"అది నాదని మీకు తెలియదా అక్కా?"

"తెలుసు. నీదే అయ్యుంటుందని మీ పాత లీడరు చెప్పాడు."

"మరి ఒక్క ఫోను చెయ్యాల్సింది."

"అదే వారంలో, కాలు విరిగి ఆసుపత్రిలో పడుకున్న మనిషికి, అతని మిషన్ ఉంచాలా అని ఫోను చేశాను. విసిగించానని క్షమాపణ కూడా చెప్పుకున్నాను. అతని పని ముఖ్యమనుకున్నాను. నీది అనుకోలేదు."

ఆ అమ్మాయి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీలో కూలబడి, "ఒక పెద్దాయన భార్యను పేరు పెట్టి పిలవడానికి ఎంత తంటాలు పడేవాడో," అంది. "ఒక్కసారి పలికాడు. ఇప్పుడాయన లేడు. ఆవిడ మొన్న ఫోన్ చేసి ఆ రికార్డు అడిగింది. ఆఫీసుకు వెళ్ళగానే పంపిస్తానన్నాను."

ఆమెకు ఏడుపు ఆగలేదు. తన విషయంలో ఎవరెవరో చేసినదాన్నే ఇప్పుడు ఆ అమ్మాయికి తన చేత్తో తానే చేసింది. ఆ గొంతు ఏ పొదుపుతోనూ తిరిగి రాదు.

కళ్ళు తుడుచుకుని మేనేజరు మెయిల్‌కు అందరికీ చేరేలా జవాబు రాయడం మొదలుపెట్టింది. "తీసింది సిస్టమ్ కాదు, నేను. తెలిసే, అడగకుండా తీశాను. మీరు మెచ్చుకున్న తగ్గింపులో, కాన్పు సెలవులో ఉన్న ఒక సహోద్యోగి పనంతా పోయింది."

ఆ అమ్మాయి వెనక నిలబడి చదివింది.

"ఒక సహోద్యోగి ఏంటక్కా? నాకో పేరుంది. అది రాసి పంపండి."