ఉజ్వల వాటా

మా జిమ్ గోడకి ఒక తెల్లబోర్డు ఉంది. పొద్దున వచ్చే ఆడవాళ్ళలో ఎవరు ఎన్ని బస్కీలు తీశారో, ఎంత బరువు ఎత్తారో పేరు పక్కన రాసి, ఫోటో తీసి గ్రూపులో పెడతాడు ట్రైనర్ రణజిత్. అక్కడితో ఆగితే బాగుండేది. "ఒకరు రాకపోతే వాళ్ళ వాటా మిగతావాళ్ళు పంచుకుని చెయ్యాలి. మనదంతా ఒక ఇల్లు కదా, తాయీ!" అని రూలు పెట్టాడు. తాయీ అని అక్క వరస కలిపాక కాదనడం మా కొల్హాపూర్‌లో ఎవరి తరం?

నిజం చెప్పాలంటే ఆ బోర్డు మేలే చేసింది. మా పక్కింటి ఉజ్వలనే చూడండి. మొగుడు పోయాక రెండేళ్ళు గడప దాటలేదు. తన పేరు పక్కన మొదటిసారి అంకె పడి, అందరూ చప్పట్లు కొడితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పట్నుంచి ఒక్కరోజు మానలేదు. మళ్ళీ ఆ మొహంలో నవ్వు చూస్తే నాకు కడుపు నిండేది.

వానలు ముదిరాక ఉజ్వలకి జ్వరం పట్టుకుంది. జ్వరం పోయినా ఆయాసం పోలేదు. జబ్బు గుండెకి తగిలిందనీ, నెల్లాళ్ళు మెట్లు కూడా ఎక్కొద్దనీ డాక్టరు చెప్పాడు. గ్రూపులో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "నువ్వు పడుకో, నీ వాటా మేం చూసుకుంటాం" అన్నారు. చేసినవాళ్ళు రోజూ వీడియో పెట్టేవారు. అంత ప్రేమ చూస్తుంటే నా మనసు ఎందుకో కీడు శంకించింది.

ఒకరోజు వీడియోలో మా అందరికీ పిన్ని వరసైన మంగల్ కాకూ కనిపించింది. అరవై దాటిన మనిషి, అరిగిన మోకాళ్ళు. పళ్ళు బిగబట్టి ఉజ్వల పేరున బస్కీలు తీస్తోంది. కింద "మా ఉజ్వల కోసం" అని రాసి ఉంది.

మర్నాడు ఉజ్వల జిమ్ మెట్లెక్కి వచ్చింది. నేరేడు పళ్ళు తిన్నట్టు పెదాలు నల్లబడ్డాయి.

"మతి పోయిందా నీకు? పద ఇంటికి" అన్నాను.

"కాకూ మోకాళ్ళు చూశావుగా, సుమన్ తాయీ. నా బరువు ఆవిడ మోస్తుంటే నాకు జొన్న భాక్రీ గొంతు దిగుతుందా?"

"నా మోకాళ్ళదేముందే, ఎప్పుడో అటకెక్కాయి!" అని నవ్వింది కాకూ.

"వచ్చేసింది మన పులి!" అని అరిచాడు రణజిత్.

"డాక్టరు వద్దన్నాడయ్యా!" అన్నాను.

"పదంటే పది బస్కీలే, తాయీ. మీరు ఊరికే భయపెట్టకండి."

చప్పట్లు మొదలయ్యాయి. నా అరుపు ఎవరి చెవికీ ఎక్కలేదు. ఏడో బస్కీకి ఉజ్వల కిందకి దిగింది, లేవలేదు. పక్కకి ఒరిగిపోయింది. లెక్కపెడుతున్నవాళ్ళు ఎనిమిది కూడా అనేశారు.

ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది. "మంచం దిగితే నా పూచీ లేదు" అన్నాడు డాక్టరు.

బోర్డు మీద ఉజ్వల పేరు చెరిపించాలనే నేను మళ్ళీ జిమ్‌కి వెళ్ళాను. "రణజిత్, ముందు అది తుడిచెయ్యి" అన్నాను. కాకూ అడ్డొచ్చింది.

"బతికున్న మనిషి పేరు తుడుస్తారటే, అపశకునం! ఉండనీ. దాని వాటా నేను చేస్తాగా" అని కొంగు దోపింది.

అంతలో అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. ఆసుపత్రి నుంచి ఉజ్వల గ్రూపులో పెట్టింది: "మంచం దిగి తలుపు దాకా నాలుగుసార్లు నడిచాను. నర్సు చూడలేదు. నా పేరున రాయండి. కాకూని చెయ్యనివ్వకండి."

"చూశారా మన పులిని!" అంటూ రణజిత్ ఉజ్వల పేరు పక్కన నాలుగు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలే. కాకూ కళ్ళు తుడుచుకుంటూ తనూ ఒకటి పంపింది.

"ఆపండే! దాన్ని చంపుతారా?" అని అరిచాను.

ఫోన్లు మళ్ళీ మోగాయి: "మీ చప్పట్లు చూశాక ఓపిక వచ్చింది. ఇంకోసారి వెళ్ళొస్తాను."

ఉజ్వలకి ఫోన్ చేశాను. మోగుతోంది, మోగుతోంది, ఎత్తడం లేదు. రణజిత్ బోర్డు మీద నాలుగు చెరిపి ఐదు వేశాడు.